బండ్ల రొద లేని దోవలు: తిరుపతి, చిత్తూరు పల్లెల్లో చెరువు కట్టల మీద, కాలువ గట్ల వెంట సైకిలు తొక్కడం ఎలా?

కోనసీమలో సైకిలెక్కినవాడికి దారి వెతుక్కునే పని లేదు. కాలువ గట్టు పట్టుకుంటే అదే తీసుకుపోతుంది. తిరుపతి, చిత్తూరు సీమ అలాంటిది కాదు. ఇది చెరువుల నేల. ఒక చెరువు నిండి మరవ (ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే చోటు) పారితే ఆ నీళ్ళు వంకలో, అంటే వాగులో, పడి కింది చెరువుకు చేరతాయి, అది నిండితే ఇంకో చెరువుకు. ఇక్కడ 'కాలువ' అంటే చాలా చోట్ల ఈ చెరువులను కలిపే సన్నటి వరవ కాలువే. గట్టు మీద జీపు తిరిగేంత పెద్ద కాలువ కావాలంటే శ్రీకాళహస్తి దాటి తెలుగుగంగ దాకా పోవాలి, లేదా పుంగనూరు, కుప్పం వైపు హంద్రీనీవా దగ్గరికి.

అందుకే ఇక్కడ రద్దీ లేని దారి పేరు పెట్టి ఒకటిగా దొరకదు. చెరువు కట్టలను, పంచాయతీ రోడ్లను, కాలువ గట్లను ముక్కముక్కగా అతుక్కుని మనమే తయారు చేసుకోవాలి. సగం పని సైకిలెక్కక ముందే, ఇంట్లో మ్యాపు ముందు కూర్చున్నప్పుడే జరుగుతుంది. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే.

దోవ కట్టుకోవడం

మొదట ఫోన్లో మ్యాపు తెరిచి ఉపగ్రహ చిత్రానికి మార్చండి. మామూలు మ్యాపులో చెరువు నీలంగా కనిపిస్తుంది కానీ కట్ట కనిపించదు. ఉపగ్రహ చిత్రంలో చెరువుకు మూడు వైపులా అంచు వంకరటింకరగా, నేలలో కలిసిపోయినట్టు ఉంటుంది. నాలుగో వైపు మాత్రం గీత గీసినట్టు నున్నగా, కొంచెం విల్లులా వంగి ఉంటుంది. అదే కట్ట. నేల ఎటు వాలి ఉంటే కట్ట అటు ఉంటుంది, దాని కిందే పచ్చటి వరి మళ్ళు, కొబ్బరి చెట్లు కనిపిస్తాయి. ఎండాకాలం తీసిన చిత్రమైతే చెరువులో నీళ్ళు ఉండవు, తుమ్మచెట్లే ఉంటాయి. అప్పుడు ఈ పచ్చదనమే గుర్తు.

తరువాత ఆ కట్ట మీద దారి ఉందో లేదో పెద్దది చేసి చూడండి. నల్లటి గీత తారు రోడ్డు, తెల్లటిది సిమెంటు రోడ్డు, ఎర్రటిది మట్టి. గీత మధ్యలో చెట్ల కింద మాయమై మళ్ళీ తేలకపోతే ఆ కట్ట మీద కంప పెరిగిపోయిందని లెక్క. అక్కడికి వెళ్ళి సైకిలు భుజాన వేసుకోవడం కన్నా ఆ ముక్కను వదిలేయడం మేలు.

మూడోది, రెండు కట్టల మధ్య ముక్క. తారు రోడ్డు కనిపించగానే సంబరపడకండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లు చాలావరకు ఒక ఊరిని పెద్ద రోడ్డుకు కలపడానికి వేసినవి, ఊళ్ళోకి వెళ్ళి అక్కడే ఆగిపోతాయి. ఊరికి అవతలి వైపు కూడా గీత కొనసాగుతోందా అని చూడాలి. సాగుతుంటే, ఆ రెండో వైపు గీత సాధారణంగా పొలాల బండ్ల బాటే అయినా, సైకిలుకు చాలు. కారు దూరని ఆ అర కిలోమీటరే ఈ రోడ్డు మీద బండ్లు తిరగకుండా కాపాడేది. వెతకాల్సింది సరిగ్గా అలాంటి అతుకునే.

నాలుగోది, దాటే చోట్లు. తిరుపతి చుట్టూ రేణిగుంట, గూడూరు, పాకాల వైపు రైలు మార్గాలున్నాయి. గేట్లు తీసేసిన చాలాచోట్ల ఇప్పుడు అండర్‌పాస్‌లే దిక్కు. వాన పడ్డ మరునాడు వాటిలో నీళ్ళు నిలుస్తాయి, పైకి చూస్తే లోతు తెలియదు. జాతీయ రహదారిని దాటాల్సి వస్తే, మధ్యలో డివైడరు తెరిచి ఉన్న చోటు ముందే గుర్తు పెట్టుకోండి. డివైడరు మీదుగా సైకిలు ఎత్తుకుని దాటడం ఉదయం అయిదున్నరకు కూడా మంచి ఆలోచన కాదు.

దోవలో పడ్డాక కిలోమీటరు రాళ్ళే మీ పటం. రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. ఈ రెండూ కనిపిస్తే వీలైనంత త్వరగా తప్పుకోండి. నారింజ రంగు తల గ్రామీణ రోడ్డుది, మీకు కావలసింది అదే. ఆ రోడ్డులో తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. ట్రాక్టరు ఎదురైతే దానికే సరిపోతుంది, మీకు మిగలదు. అంచు నుంచి మట్టిలోకి దిగేచోట నాలుగైదు అంగుళాల మెట్టు ఉంటుంది. తొక్కుతూ వాలుగా దిగితే ముందు చక్రం అంచుకు రాసుకుని పడేస్తుంది. వేగం పూర్తిగా తగ్గించి, ముందు చక్రాన్ని అంచుకు ఎదురుగా తిప్పి దిగండి, లేదా ఆగి నిలబడండి. చెరకు లోడు ట్రాక్టరు అయితే ఆగడం తప్పనిసరి. గడలు ట్రాలీ పక్కలకు ఎంత బయటికి ఉన్నాయో డ్రైవరుకే తెలియదు.

దారి అడగడానికీ ఒక పద్ధతి ఉంది. 'ఎంత దూరం?' అని అడగకండి. 'ఇంగ రెండు మైళ్ళే' అన్న జవాబు మూడు కిలోమీటర్లకూ వస్తుంది, తొమ్మిదికీ వస్తుంది. 'అన్నా, ఈ దోవ ముందుకు పోతాదా, ఊళ్ళోనే ఆగిపోతాదా?' అని అడగండి. తరువాత 'వంకలో నీళ్ళు పారతా ఉండాయా?' అని. ఆ తరువాత వచ్చే ఊరి పేరు. ఈ మూడింటికీ పొలం గట్టు మీద నిలబడ్డ పెద్దాయన చెప్పే మాటకు ఏ మ్యాపూ సాటి రాదు.

ఏ నెల, ఏ పూట

ఈ సీమకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి మీది కాజ్‌వేలు, వంతెనలు కొట్టుకుపోయాయి. రాయలచెరువు కట్టకు నీరు ఊరుతోందని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. కాబట్టి నవంబరులో కట్టల మీదికి పోవాలనుకుంటే వాన ఆగి నాలుగైదు రోజులు కానివ్వండి. ఎర్రమట్టి కట్ట తడిగా ఉంటే మట్టి టైరుకు అట్టలు కట్టి బ్రేకుల్లో ఇరుక్కుంటుంది, వంద గజాలకొకసారి పుల్లతో గీకాలి. పైగా ఆ చక్రాల గాడులు ఎండి గట్టిపడి వేసవి దాకా అలాగే ఉంటాయి.

చెరువులు నిండి ఉండి, ఎండ మెత్తగా ఉండే రోజులు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అప్పుడే చెరకు కొట్టేదీ, బెల్లం వండేదీ. గానుగ దగ్గర ఆగితే వేడి బెల్లం దొరకొచ్చు. జనవరిలో సూర్యోదయం 6:35 ప్రాంతంలో, ముందుగా బయల్దేరితే మంచు కమ్ముకుని ఉంటుంది. ముందూ వెనకా లైటు లేకుండా పోకూడదు. జూన్‌లో 5:45కే తెల్లవారుతుంది. మార్చి చివరి నుంచి జూన్ దాకా ఎనిమిదిన్నరకల్లా ఇంటికి చేరేలా లెక్క వేసుకోండి.

జూన్, జూలై నెలల్లో ఇంకో సంగతి. అది తోతాపురి కాయలు కోసే కాలం. దామలచెరువు, చిత్తూరు చుట్టుపక్కల పల్లె రోడ్లు కూడా మామిడి ట్రాక్టర్లతో నిండిపోతాయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరుసలు కడతాయి. మిగతా ఏడాది పిట్ట తిరగని దారిలో ఆ రోజుల్లో బండి వెనక బండి. పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో నగరి, పుత్తూరు దారుల్లో తమిళనాడు నుంచి నడిచి వచ్చే భక్తులు రాత్రంతా రోడ్డు అంచునే నడుస్తుంటారు. ఆ రోజుల్లో మీరు ఇంకో దిక్కుకు పోవడం మర్యాద.

గాలి గురించి ఒక్క మాట. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి, పొద్దెక్కేకొద్దీ బలం పుంజుకుంటుంది. అప్పుడు చంద్రగిరి వైపు, అంటే పడమటికి, వెళ్ళి రావడం తెలివైన పని. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, అలసిపోయి వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు. చలికాలం గాలి ఈశాన్యం నుంచి, అప్పుడు గుడిమల్లం వైపు వెళ్ళండి.

సైకిలు, టైర్లు, గాలి

సన్నటి టైర్ల రేసు సైకిలు ఈ దారులకు పనికిరాదని కాదు కానీ, కట్ట మీదికి వచ్చేసరికి మీరు దాన్ని నడిపించుకుంటూ పోతారు. 32 నుంచి 40 మిల్లీమీటర్ల టైరు పట్టే హైబ్రిడ్ సైకిలు ఇక్కడికి సరైనది. గేర్లు లేని పాత అట్లాస్, హీరో సైకిలు కూడా చెరువు కట్టలకు దివ్యంగా సరిపోతుంది. కట్టలు సమతలం, ఎక్కేచోట ఇరవై ముప్ఫై అడుగులు దిగి తోస్తే అయిపోయింది.

గాలి ఎంత కొట్టాలన్నది మీ బరువును బట్టి. 70 కిలోల మనిషికి 32 మిల్లీమీటర్ల టైరులో వెనక 60, ముందు 55 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). 38–40 అయితే వెనక 45, ముందు 40. రెండంగుళాల కొండ సైకిలు టైరుకు 35, 30. ప్రతి పది కిలోల తేడాకు ఓ మూడు నాలుగు పాయింట్లు పెంచండి, తగ్గించండి. రాయిలా బిగించి కొడితే ముల్లు దిగదని చాలామంది అనుకుంటారు. ముల్లు దిగుతుంది, పైగా కంకరలో చక్రం ఎగిరెగిరి పట్టు తప్పుతుంది. మరీ తక్కువైతే గుంత అంచుకు తగిలి ట్యూబు రెండు చోట్ల, పాము కాటులా, చీలుతుంది.

'ఎండలో పెడితే టైరు పగులుతుంది, గాలి తీసేయండి' అన్న సలహా ఊరూరా వినిపిస్తుంది. లెక్క చూడండి. ఉదయం 25 డిగ్రీల్లో 60 కొట్టిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే 65 అవుతుంది, అంతే. ఎండలో పగిలేది పాత అతుకు. వేడికి సొల్యూషన్ మెత్తబడి అంచు లేస్తుంది. గాలి తీయడం కాదు, నీడన పెట్టండి, మూడు అతుకులు దాటిన ట్యూబును మార్చండి.

వాల్వు సంగతి చాలామంది రోడ్డు మీద పడ్డాకే తెలుసుకుంటారు. కొత్త సైకిళ్ళలో కొన్నింటికి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, పల్లె సైకిలు షాపులోని పంపు దానికి పట్టదు. గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి కొని వాల్వు మూతలా ఎప్పుడూ తగిలించి ఉంచండి. వాడేటప్పుడు వాల్వు కొసన ఉన్న చిన్న నట్టు వదులు చేసి, ఒకసారి నొక్కి, ఆపైన అడాప్టరు బిగించి కొట్టాలి. నట్టు వదులు చేయడం మరిచి కొడితే పంపు బిగుసుకుపోతుంది, షాపాయన మీ సైకిలును తిడతాడు. పాత సైకిళ్ళ వాల్వులో ఉండే సన్నటి రబ్బరు గొట్టం ఏడాదికి పిగులుతుంది. అది జేబులో రెండు ఉంచుకోండి.

గొలుసుకు వాడిన ఇంజిన్ ఆయిలు, కొబ్బరి నూనె పూయకండి. ఈ ఎర్ర దుమ్ముకు అవి రెండూ ముద్దగా మారి గేరు పళ్ళను సానరాయిలా అరగదీస్తాయి. కుట్టు మిషను నూనె అయినా సరే, ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క, పది నిమిషాలాగి పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. నూనె పని లింకు లోపల, బయట కనిపించే నూనె అంతా దుమ్ము కోసం వేసిన వల.

వెంట తీసుకెళ్ళాల్సినవి: సరైన సైజు ట్యూబులు రెండు, అతుకుల డబ్బా, సొల్యూషన్, సాండ్‌పేపరు, టైరు లీవర్లు రెండు, చేతి పంపు, ఆలెన్ కీల సెట్టు, చిన్న పట్టకారు, పాత టైరు నుంచి కోసిన రెండంగుళాల ముక్క, పది మీటర్ల నైలాను తాడు. పట్టకారు, తాడు ఎందుకో కింద తెలుస్తుంది. నీళ్ళు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు లెక్కన. తిండికి చెనక్కాయల ఉండలు, అరటిపళ్ళు చాలు. రెండు గంటలు దాటితే ఓఆర్ఎస్ పొట్లం ఒకటి, దాన్ని లీటరు నీళ్ళలో కలపాలి, సగం సీసాలో కాదు.

కట్ట మీద, గట్టు మీద

చెరువు కట్ట ఎక్కేచోట నేల వదులుగా ఉంటుంది, పశువులు అక్కడే ఎక్కి దిగుతాయి. ముందే చిన్న గేరుకు మార్చుకుని కూర్చునే ఎక్కండి. లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం జారుతుంది. పైన మధ్యలో తొక్కండి. అంచున ఎలుకలూ పీతలూ తవ్విన బొరియలుంటాయి, పైకి గడ్డి కప్పి ఉంటుంది. తూము దగ్గర రాతి స్తంభాలు, మరవ దగ్గర రాతి కట్టడం వస్తాయి. మరవ పారుతుంటే ఆ రాళ్ళ మీద పాచి ఉంటుంది, తొక్కుకుంటూ దాటకండి. దిగి, సైకిలును ప్రవాహానికి కింది వైపు పెట్టుకుని నడవండి. నీళ్ళు చీలమండ దాటితే, లేదా అడుగున నేల కనిపించకపోతే, వెనక్కి తిరగడమే. వంక చప్టాలకూ ఇదే లెక్క.

కోతల రోజుల్లో రోడ్డే కళ్ళం. వడ్లు, రాగులు, ఉలవలు, చెనక్కాయలు తారు మీద ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. గింజల మీదుగా తొక్కితే సబ్బు మీద తొక్కినట్టే. పక్కన జాగా లేకపోతే దిగి నడిపించండి. గింజలు ఎత్తేశాక ఆ రాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోతాయి, చీకట్లో పడేది వాటి మీదే. గొర్రెల మంద ఎదురైతే కాపరి ఎటు నిలబడ్డాడో చూసి, ఆయన చెయ్యి ఊపిన వైపు పోవాలి. బెల్లు కొడితే మంద మీ ముందుకే చీలుతుంది.

తెలుగుగంగ లాంటి పెద్ద కాలువ గట్టు వేరే సంగతి. 1983 ఒప్పందం ప్రకారం చెన్నైకి కృష్ణా నీళ్ళు ఇవ్వడానికి తవ్విన ఈ కాలువ కండలేరు జలాశయం నుంచి సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు మన రాష్ట్రంలో నడుస్తుంది. 1996లో నీళ్ళు తొలిసారి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి చేరాయి. శ్రీకాళహస్తి, వరదయ్యపాలెం, సత్యవేడు వైపు దీన్ని పట్టుకోవచ్చు. గట్టు నీటిపారుదల శాఖది, షికారు కోసం వేసింది కాదు. గేటుకు గొలుసు వేసి ఉన్నా, బోర్డు పెట్టి ఉన్నా పక్క నుంచి దూరకండి. రెగ్యులేటరు (నీళ్ళు వదిలే గేట్లు) దగ్గర లస్కరు, అంటే కాలువను చూసుకునే ఉద్యోగి, కనిపిస్తే ఆగి, 'గట్టు మీద పోవచ్చా అన్నా, ముందు గండ్లు ఏమైనా ఉండాయా?' అని అడగండి. ఏ వంతెన దగ్గర గట్టు కోసుకుపోయిందో, ఎక్కడ పనులు జరుగుతున్నాయో ఆయనకే తెలుస్తుంది.

పెద్ద కాలువల గట్లు రెండూ ఒకేలా ఉండవు. ఒకటి జీపు తిరగడానికి వెడల్పుగా, కంకర పరిచి ఉంటుంది. రెండోది సన్నగా, కంపతో ఉంటుంది. వెడల్పు గట్టు మధ్యలో వైపు మారితే వంతెన దగ్గర దాటి మారండి. కంకర మీద గంటకు 11–13 కిలోమీటర్లు దాటదు. తారు మీద 16–18 అలవాటున్నవాళ్ళు ఆ లెక్కతో బయల్దేరి ఎండలో చిక్కుకుంటారు. గట్టుకు అడ్డంగా మోటారు పైపులు వేసి పైన మట్టి కప్పిన గడ్డలు వస్తుంటాయి, దూరం నుంచి నీడలా కనిపిస్తాయి.

నీళ్ళ అంచుకు కనీసం రెండు బారల దూరంలో ఉండండి. జంటగా వెళ్తే పక్కపక్కన కాదు, ముందూ వెనకా. ఈ కాలువలో అసలు ప్రమాదం లోతు కాదు, పక్కల సిమెంటు లైనింగు. ఆ వాలు మీద పాచి పడితే ఈత వచ్చినవాడు కూడా పైకి పాకలేడు, గోళ్ళకు పట్టు దొరకదు. చేతులు కడుక్కోవడానికి, సీసా నింపుకోవడానికి, టైరు నీళ్ళలో ముంచి బుడగలు చూడటానికి, దేనికీ లైనింగు మీదికి దిగవద్దు. ఎవరైనా పడితే వెంట దూకకండి. తాడు విసరండి, గట్టు మీద కూర్చుని కాళ్ళు తన్నిపట్టి లాగండి. తాడు అందకపోతే ప్రవాహానికి ఎదురీదవద్దనీ, వెల్లకిలా తేలుతూ మెట్లున్న చోటుకు కొట్టుకుపొమ్మనీ అరవండి. ఆ వెంటనే 112.

ముల్లు దిగితే

ఈ సీమలో పంక్చరుకు రెండే ముద్దాయిలు: సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ. తుమ్మ ముల్లు అంగుళం పైన పొడవు, గట్టు మీద కంప కొట్టిన చోట రాలి ఉంటుంది. పల్లేరు కాయ జనవరి తరువాత ఎండి, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. రోడ్డు అంచున ఆగి సైకిలును పల్లేరు తీగల్లో ఆనించినవాడు లేచేసరికి రెండు టైర్లకూ గాలి ఉండదు. టైరుకూ ట్యూబుకూ మధ్య పాత ట్యూబు చీల్చి పట్టీలా వేసుకుంటే పల్లేరు ముళ్ళు చాలావరకు ఆగుతాయి, తుమ్మ ముల్లు ఆగదు. పట్టీకి రెండు వైపులా పౌడరు చల్లకపోతే అది ముడతపడి తనే ట్యూబును కొరుకుతుంది.

ముల్లు గుచ్చుకుని ఉందని కనిపించగానే లాగకండి. ముల్లే బిరడాలా పనిచేస్తూ గాలి ఆపుతూ ఉండొచ్చు. నీడ దొరికేదాకా అలాగే పోయి, అక్కడ మొదలుపెట్టండి.

1. చక్రం తీయక ముందు టైరు మీది అక్షరాలు వాల్వుకు ఎదురుగా ఎక్కడున్నాయో చూసుకోండి. ట్యూబులో చిల్లి దొరికాక టైరులో ముల్లు ఎక్కడుందో ఆ గుర్తే చెబుతుంది.
2. మిగిలిన గాలి మొత్తం తీసి, టైరు అంచును చుట్టూ లోపలికి నొక్కి వదులు చేయండి. లీవరు వాల్వుకు దూరంగా మొదలుపెట్టాలి.
3. ట్యూబు తీసి గాలి కొట్టి, తడి చేసిన పెదవి దగ్గర మెల్లగా తిప్పండి. నీళ్ళ గిన్నె లేని చోట సన్నటి చిల్లిని పట్టించేది పెదవే. ఒకటి దొరికిందని ఆపవద్దు, చివరిదాకా తిప్పండి. తుమ్మ ముల్లు రెండు గోడలూ దాటి ఉంటుంది.
4. టైరు లోపల వేలితో కాదు, గుడ్డతో తడమండి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు. లోపలి నుంచి తోసి, బయటి నుంచి పట్టకారుతో లాగండి. పైన విరిగి లోపల మిగిలిన కొసే అరగంట తరువాత రెండో పంక్చరుకు కారణం.
5. అతుకు కన్నా కాస్త పెద్ద మేర ట్యూబును గీకి, నిగారింపు పోయాక సొల్యూషన్ పలచగా పూసి అయిదు నిమిషాలు వదిలేయండి. వేలికి అంటనంతగా ఆరాకే అతుకు వేయాలి. అతుకులు ఊడిపోవడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం ఈ అయిదు నిమిషాలు ఆగలేకపోవడమే.
6. మధ్య నుంచి అంచులకు రెండు నిమిషాలు గట్టిగా అదిమి, కాస్త గాలి కొట్టి గుండ్రంగా చేసి టైరులో పెట్టండి. ఆఖరి అంచును చేతులతోనే ఎక్కించాలి, లీవరుతో తోస్తే ట్యూబు నలిగి కొత్త చిల్లి.

టైరే చీలితే లోపల ఆ పాత టైరు ముక్క పెట్టి, గాలి సగమే కొట్టి ఇంటికి చేరండి. రోడ్డు మీద తొందరైతే కొత్త ట్యూబు వేసుకుని, అతుకు పని ఇంట్లో పెట్టుకోవడమే సుఖం.

కుక్కలు, ఏనుగులు, కంచెలు

ఊరి మొదటి ఇల్లు, ఆఖరి ఇల్లు: కుక్కలుండేది అక్కడ. వేగం పెంచితే అవీ పెంచుతాయి. ఆగి, దిగి, సైకిలును మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి. నడిచే మనిషిని చూస్తే చాలా కుక్కలకు ఆసక్తి పోతుంది. కరిస్తే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. గీరినా అంతే.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచులు, ఇటు చంద్రగిరి, భాకరాపేట అడవి అంచులు ఏనుగులు తిరిగే చోట్లు. మంద దిగిందని పేపరులో వస్తే ఆ వైపు తెల్లవారుజామున, సాయంత్రం పోవద్దు. కనిపిస్తే సైకిలు వదిలేసి వచ్చిన దారినే వెనక్కి. హంద్రీనీవా గట్లు బాగున్నా ఈ కారణం చేత పూర్తిగా వెలుతురు వచ్చాకే ఎక్కాలి. అడవిపందుల కోసం కొన్నిచోట్ల దొంగతనంగా కరెంటు తీగలు కడతారు, కాబట్టి చీకట్లో పొలాల్లోకి దేనికోసమూ దిగవద్దు.

మొదలుపెట్టడానికి కొన్ని దోవలు

తిరుపతి నుంచి రాయలచెరువు, ఒకవైపు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. శ్రీకృష్ణదేవరాయల కాలంనాటిదని చెప్పే చెరువు, కొండల మధ్య పెద్ద కట్ట. దారి రామచంద్రాపురం మండలం మీదుగా. ఆటోలు, బస్సులు ఉంటాయి కానీ ఏడున్నర లోపు తక్కువ. కట్ట మీద ఎదురుగా బస్సు వస్తే ఆగిపోండి, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క లోతు.

పడమటికి శ్రీనివాసమంగాపురం 12 కిలోమీటర్లు, అక్కడి నుంచి చంద్రగిరి కోట, తొండవాడ దగ్గర స్వర్ణముఖి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఇదే మంచిది, తప్పిపోయినా రైలు పట్టాలు దిక్కు చూపిస్తాయి. ఎనిమిది నుంచి కాలేజీ బస్సుల వరద, ఆ లోపే తిరిగి రావాలి. కల్యాణి డ్యాం దాకా పొడిగించుకోవచ్చు, డ్యాం పైకి పంపకపోతే పట్టుబట్టకండి.

గుడిమల్లం మాకు అన్నింటికన్నా నచ్చే దోవ. రేణిగుంట, పాపానాయుడుపేట మీదుగా వెళ్ళి వస్తే నలభై అయిదు కిలోమీటర్ల లోపు. రేణిగుంట దాకా రద్దీ తప్పదు కాబట్టి ఆ ముక్కను వెలుతురు రాగానే దాటేయండి, తరువాతంతా స్వర్ణముఖి పక్క పొలాలే. క్రీస్తుపూర్వపుదిగా పురావస్తు పండితులు లెక్కించే పరశురామేశ్వర లింగం ఆ పల్లెలో ఉంది. చెమట షార్టుతో గుడిలోకి పోకుండా పలచటి పంచె ఒకటి సంచిలో వేసుకోండి.

చిత్తూరువాళ్ళకు కాణిపాకం దగ్గర, పన్నెండు కిలోమీటర్ల లోపే. అయితే వినాయకచవితి నుంచి 21 రోజుల బ్రహ్మోత్సవాల్లో ఆ దారి మరిచిపోండి. నీవా నది పట్టుకుని పెనుమూరు వైపు, కలవగుంట జలాశయం దాకా పోయే పల్లె దారులు ఏడాది పొడవునా ఖాళీ, మామిడి నెలలు తప్ప.

తెలుగుగంగకైతే తిరుపతి నుంచి తొక్కుకుంటూ పోవడం దండగ, మధ్యలో అంతా పెద్ద రోడ్డే. ట్రాలీ ఆటోలో సైకిళ్ళు వేసుకుని శ్రీకాళహస్తి దాటాక దిగండి. సైకిళ్ళ మధ్య గోనె సంచులు పెట్టి, గేర్లున్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టాలి. శివరాత్రి వారంలో ఆ ఊరి వైపు పోవద్దు. మొదటిసారి గట్టు మీద ఒక వైపు పది కిలోమీటర్లకు మించకండి. మధ్యలో నీడ ఉండదు, దిగడానికి వంతెన దగ్గర తప్ప దారి ఉండదు.

ఇంటికొచ్చాక

స్నానం కన్నా ముందు టైర్లు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, వెలుతురులో చూసి, దిగీదిగకుండా ఉన్న పల్లేరు ముళ్ళను పట్టకారుతో తీసేయండి. ఇవాళ గాలి పోకపోయినా అవి రోజూ కొంచెం లోపలికి దిగి, వారం తరువాత ఇంటి ముందే టైరు గాలి తీసేస్తాయి. గొలుసును పొడి గుడ్డలో పట్టుకుని పెడల్ వెనక్కి ఇరవైసార్లు తిప్పండి. మట్టి ఉంటే ఎండనిచ్చి బ్రష్‌తో దులపండి. వాటర్ సర్వీసుకు ఇచ్చి పెద్ద పంపుతో కొట్టిస్తే నీళ్ళు బేరింగుల్లోకి దూరి గ్రీజు పోతుంది. ఆ తరువాత మ్యాపు తెరిచి, దారి ఆగిపోయిన చోటూ, నీళ్ళు నిలిచిన అండర్‌పాసూ, కుక్కలున్న ఊరూ గుర్తు పెట్టుకోండి.